ఇంటి గుట్టు నాటకమైతే.. యూజీన్ ఓనీల్ సొంత కుటుంబం నుంచి మహా విషాదం ఎలా పుట్టింది?

ఆ నాటకంలో ఎవరూ చనిపోరు. ఎవరూ కత్తి దూయరు, విషం తాగరు. ఒక ఇల్లు, అందులో తల్లి, తండ్రి, ఎదిగిన ఇద్దరు కొడుకులు, ఒక పనమ్మాయి. ఉదయం ఎనిమిదిన్నరకు మొదలై అర్ధరాత్రికి ముగుస్తుంది. అయినా 20వ శతాబ్దపు గొప్ప విషాద నాటకాల పేర్లు చెప్పమంటే మొదటి వరసలో వినిపించే పేరు అదే: ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’. తెలుగులో చెప్పుకోవాలంటే ‘చీకట్లోకి సాగిన సుదీర్ఘ పగటి ప్రయాణం’.

రాసింది అమెరికన్ నాటక రచయిత యూజీన్ ఓనీల్. రాసింది తన సొంత ఇంటి గురించే. రాశాక ప్రతిని సీలు వేయించి, తాను చనిపోయిన పాతికేళ్ల దాకా తెరవొద్దని, ఎప్పటికీ ప్రదర్శించొద్దని షరతు పెట్టారు. ఆ షరతు మూడేళ్లు కూడా నిలవలేదు.

ఒక రచయిత ఇంట్లో జరిగిన గొడవలు, జబ్బులు, అప్పటికే అందరూ మరిచిపోయిన మరణాలు ప్రపంచమంతా చూసే నాటకంగా ఎలా మారతాయి? అలా మారేటప్పుడు ఏది ఉంటుంది, ఏది పోతుంది? ఇంటి మనుషులకు దాంతో న్యాయం జరుగుతుందా, అన్యాయమా? ఈ ప్రశ్నలకు ఓనీల్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. పొట్ట చేత పట్టుకుని సొంతూరు వదిలి జంషెడ్‌పూర్ లాంటి కార్ఖానా ఊళ్లకు చేరిన తెలుగు కుటుంబాలకు ఈ కథలో తెలిసిన మనుషులు చాలామందే కనిపిస్తారు.

పదేళ్ల వయసులో ఆకురాళ్ల పని

ముందుగా తండ్రి సంగతి. జేమ్స్ ఓనీల్ ఐర్లాండ్‌లోని కిల్‌కెన్నీ ప్రాంతంలో పుట్టారు. కరవు కాలంలో అమెరికాకు తరలిపోయిన లక్షలాది ఐరిష్ కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. కొన్నేళ్లకే జేమ్స్ తండ్రి భార్యాబిడ్డల్ని పరాయి దేశంలో వదిలేసి ఐర్లాండ్ వెళ్లిపోయి, అక్కడే చనిపోయాడు. పిల్లలు పనికి వెళ్లక తప్పలేదు.

నాటకంలో జేమ్స్ టైరోన్ అనే తండ్రి పాత్ర ఈ కథనే చెబుతుంది. అద్దె కట్టలేక రెండుసార్లు ఇంటి సామాను వీధిలో పడింది. తల్లి ఊళ్లోవాళ్ల ఇళ్లలో నేలలు తుడిచేది. పదేళ్ల కుర్రాడు మెషిన్ షాపులో చేరి, రోజుకు 12 గంటలు ఆకురాళ్లు, అంటే ఇనుమును అరగదీసే ఫైళ్లు, తయారుచేసే పని నేర్చుకున్నాడు. కూలి వారానికి అర డాలరు.

ఆ కుర్రాడే తర్వాత అమెరికాలో పేరున్న నటుడయ్యాడు. షేక్‌స్పియర్ పాత్రల్లో రాణిస్తాడని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1883లో ‘కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో’ నాటకంలో నాయక పాత్ర దొరికింది. జనం విరగబడ్డారు. జేమ్స్ ఆ నాటకం హక్కులు కొనేశారు. ఏటా వచ్చే లాభం ఎంత ఎక్కువంటే, మరో పాత్ర జోలికి వెళ్లే ధైర్యం చాల్లేదు. ఆ ఒక్క వేషాన్నే దేశమంతా తిరిగి దాదాపు ఆరు వేలసార్లు వేశారని అంచనా. డబ్బు వచ్చింది. గొప్ప నటుడు కావాల్సిన మనిషి ఒకే పాత్రకు బందీ అయ్యాడు.

ఇక్కడే విషాదానికి మొదటి విత్తనం పడింది. చేతినిండా డబ్బున్నా మళ్లీ వీధిన పడతామేమోనన్న భయం ఆయన్ను వదల్లేదు. సంపాదించిందంతా స్థలాల మీద పెట్టారు. నాటకంలో టైరోన్ గదిలో ఒక్క బల్బు ఎక్కువ వెలిగినా ఊరుకోడు. కొడుకులు దాన్ని పిసినారితనమని ఎగతాళి చేస్తారు. ఆయనకు మాత్రం అది ప్రాణభయం.

హోటల్ గదుల్లో ఒక తల్లి

తల్లి పేరు మేరీ ఎలెన్ క్విన్‌లాన్. అందరూ ఎల్లా అనేవారు. ఉన్నంత ఇంటి పిల్ల. కాన్వెంటులో చదివింది, పియానో నేర్చుకుంది. 1877లో జేమ్స్‌ను పెళ్లాడింది. అప్పట్నుంచి ఆమె కాపురమంతా రైళ్లలో, హోటళ్లలో సాగింది. భర్త నాటకం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరే ఇల్లు. ఆయన రాత్రి ప్రదర్శన ముగించుకుని స్నేహితులతో తాగి వచ్చేవరకు ఒంటరిగా కూర్చోవడమే ఆమె పని.

ఈ సంగతి తెలుగు పాఠకులకు ఒక పోలికతో బాగా అర్థమవుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం కూడా ఊరూరా తిరిగిన కుటుంబమే. అయితే సురభిలో ఇల్లు, రంగస్థలం వేరు కావు. భార్య, భర్త, అత్త, కోడలు, పసిపిల్లలు అందరూ ఏదో ఒక వేషం కడతారు, ఏదో ఒక తెర లాగుతారు. తిరుగుడు బతుకే అయినా అందరిదీ ఒకే బతుకు. ఎల్లా ఓనీల్‌కు ఆ భాగ్యం లేదు. ఆమె నటి కాదు. నాటకరంగపు మనుషుల మధ్య ఇమడలేకపోయింది, వాళ్ల మధ్యే ఉండడం వల్ల పుట్టింటి వైపు మనుషులకూ దూరమైంది.

ఆమెకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జేమీ 1878లో పుట్టాడు. రెండోవాడు ఎడ్మండ్ 1883లో. పిల్లల్ని తన తల్లి దగ్గర వదిలి ఆమె భర్త వెంట పర్యటనలో ఉండగా జేమీకి తట్టు సోకింది. అతని నుంచి రెండేళ్లు నిండని ఎడ్మండ్‌కు అంటుకుంది. 1885లో ఆ పసివాడు చనిపోయాడు. తాను దగ్గర లేనందుకు తల్లి జీవితాంతం కుమిలింది. చిన్నవాడి గదిలోకి వెళ్లినందుకు ఆరేళ్ల జేమీని కూడా మనసులో క్షమించలేకపోయింది.

మూడోవాడు యూజీన్. 1888 అక్టోబరు 16న న్యూయార్క్‌లో, ఇప్పుడు టైమ్స్ స్క్వేర్ అని పిలుస్తున్న చోట ఒక హోటల్ గదిలో పుట్టాడు. కాన్పు కష్టమైంది. నొప్పులు తగ్గడానికి వైద్యుడు మార్ఫిన్ ఇచ్చాడు. అది అలవాటుగా మారింది.

ఆ కాలంలో ఇది అరుదైన విషయం కాదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో మార్ఫిన్, నల్లమందు కలిపిన మందులు సులభంగా దొరికేవి. వైద్యులే ధారాళంగా రాసేవారు. దేశవ్యాప్తంగా వాటి అమ్మకాన్ని కట్టడి చేసిన హారిసన్ చట్టం 1914లో గానీ రాలేదు. బాధితుల్లో మధ్యతరగతి గృహిణులు ఎక్కువగా ఉండేవారు. ఇళ్లలో దాన్ని జబ్బుగా కాకుండా సిగ్గుగా చూసి దాచేవారు.

ఓనీల్ ఇంట్లోనూ అలాగే దాచారు. చిన్న కొడుక్కి 14 ఏళ్లు వచ్చేవరకు తెలియనివ్వలేదు. 1903లో ఒక రాత్రి మందు దొరక్క ఎల్లా ఇంట్లోంచి పరుగెత్తి దగ్గర్లోని నదిలో దూకబోయింది. ఆ రోజు అసలు సంగతి బయటపడింది. తన పుట్టుకే తల్లి జబ్బుకు కారణమని ఆ కుర్రాడికి అర్థమైంది. దేవుడి మీద నమ్మకం పోయింది, కొన్నాళ్లకు తాగుడు మొదలైంది.

1912: అన్నీ ఒకేసారి

కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ పట్నంలో, నదీతీరాన ఓనీల్ కుటుంబానికి ఒక వేసవి ఇల్లు ఉండేది. తండ్రి వేసిన పాత్ర పేరు మీద దాన్ని మాంటెక్రిస్టో కాటేజ్ అంటారు. ఇప్పుడది మ్యూజియం. నాటకం జరిగేది ఆ ఇంటి ముందు గదిలోనే. కాలం 1912 ఆగస్టు.

ఆ సంవత్సరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. యూజీన్ జీవితం 1912లో అడుగంటింది. ఓడల మీద నావికుడిగా తిరిగి, చౌక సారాయి కొట్ల పైగదుల్లో బతికి, ఒకసారి ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించి ఇంటికి చేరాడు. ఏడాది చివరికి క్షయ బయటపడింది. స్ట్రెప్టోమైసిన్ కనుక్కోవడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టే రోజులవి. శానిటోరియంలో విశ్రాంతి, గాలి, తిండి తప్ప మరో వైద్యం లేదు. అతన్ని ముందు ప్రభుత్వ శానిటోరియానికి పంపారు. రెండు రోజులకే తిరిగొచ్చేశాడు. డిసెంబరు 24న గేలార్డ్ ఫామ్ అనే మరో శానిటోరియంలో చేరాడు. అక్కడ మంచం మీద పడుకుని చదువుతున్న రోజుల్లోనే నాటక రచయిత కావాలని నిర్ణయించుకున్నాడు.

నాటకంలో ఏం జరుగుతుంది?

తెర లేచేసరికి టైరోన్ ఇంట్లో ఉదయపు ఫలహారం అయిపోయింది. తల్లి మేరీ చికిత్స ముగించుకుని ఇంటికొచ్చి రెండు నెలలైంది. ఆమె బాగుపడిందని ముగ్గురు మగవాళ్లూ ఆశపడుతున్నారు. చిన్న కొడుకు ఎడ్మండ్ దగ్గుతున్నాడు. అది మామూలు జలుబేనని తల్లి పట్టుబడుతుంది. మిగతావాళ్లకు అనుమానం.

మధ్యాహ్నానికి ఆమె మళ్లీ మార్ఫిన్ తీసుకుందని తెలిసిపోతుంది. సాయంత్రానికి ఎడ్మండ్‌ది క్షయ అని వైద్యుడు తేల్చేస్తాడు. రాత్రి తండ్రీకొడుకులు విస్కీ ముందు పెట్టుకుని పేకాడుతూ ఒకర్నొకరు నిందించుకుంటారు. ఖర్చు కలిసొస్తుందని కొడుకును సర్కారు శానిటోరియానికి పంపాలని తండ్రి అనుకోవడంతో గొడవ ముదురుతుంది. అప్పుడే టైరోన్ తన చిన్ననాటి కథ చెప్పి, డబ్బు కోసం తన కళను అమ్ముకున్నానని ఒప్పుకుంటాడు. తాగొచ్చిన జేమీ తమ్ముడితో అంతకంటే భయంకరమైన నిజం చెబుతాడు: నువ్వంటే నాకు ప్రాణం, కానీ నువ్వు చెడిపోవాలని కూడా కోరుకున్నాను. చివర్లో మేరీ తన పెళ్లి బట్టలు చేతుల మీద వేసుకుని మత్తులో కిందికి దిగి వస్తుంది. కాన్వెంటు రోజుల్లోకి వెళ్లిపోయిన ఆమెకు ఎదుటివాళ్లు ఎవరో పట్టదు. ముగ్గురు మగవాళ్లు కదలకుండా చూస్తుంటారు. తెర పడుతుంది.

ఇందులో దుర్మార్గుడు లేడు. ప్రతి నింద వెనకా ఒక కారణం, ఆ కారణం వెనక మరో కారణం ఉంటుంది. తల్లికి మత్తు అలవాటైంది చౌకరకం డాక్టరు వల్ల. చౌక డాక్టరును పిలిచింది తండ్రి పొదుపు. ఆ పొదుపు పుట్టింది పదేళ్ల వయసులో పడ్డ ఆకలి నుంచి. ఆ ఆకలికి కారణం భార్యాబిడ్డల్ని వదిలేసిన తాత. ఎవరిది తప్పు అని తవ్వుకుంటూ పోతే చివరికి ఎవరి మీదా కోపం నిలవదు. గ్రీకు విషాదాల్లో విధి చేసిన పని ఇక్కడ కుటుంబ చరిత్ర చేస్తుంది.

జీవితం ఎక్కడ ఆగింది, నాటకం ఎక్కడ మొదలైంది?

ఓనీల్ తన ఇంటిని ఉన్నదున్నట్టు దించేశారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన చేసిన మార్పులే ఈ నాటకాన్ని నిలబెట్టాయి.

మొదటిది, కాలాన్ని కుదించడం. ముప్ఫై ఏళ్ల గాయాలను ఒక్క రోజులోకి తెచ్చారు. పాత్రలు గతాన్ని గుర్తుచేసుకోవు, దాన్ని ఆయుధంగా వాడతాయి. అందుకే పాత సంగతి చెబుతున్నా కథ ముందుకే నడుస్తుంది.

రెండోది, పేర్ల మార్పిడి. తన పాత్రకు చనిపోయిన అన్న పేరు ఎడ్మండ్ అని పెట్టుకున్నారు. నాటకంలో పసితనంలో పోయిన బిడ్డకు యూజీన్ అని తన పేరు పెట్టారు. తాను పుట్టకుండా ఉంటే, లేదా తానే పోయి ఉంటే తల్లి బాగుండేదన్న ఆలోచనను ఒక్క మాట కూడా వివరించకుండా ఇలా చెప్పారు.

మూడోది, ఆశను తీసేయడం. నిజ జీవితంలో ఎల్లా ఓనీల్ 1914లో ఒక కాన్వెంటులో ఉండి మార్ఫిన్ నుంచి బయటపడ్డారు. ఆమె చివరి ఏళ్లు ఆ మత్తు లేకుండానే గడిచాయి. యూజీన్ కూడా క్షయ నుంచి కోలుకున్నాడు. నాటకం ఆ వెలుగు రాకముందే, అర్ధరాత్రి దగ్గరే ఆగిపోతుంది.

నాలుగోది, తన తప్పును దాచడం. 1912 నాటికే యూజీన్‌కు పెళ్లైంది, ఒక కొడుకున్నాడు. 1909లో కాథ్లీన్ జెంకిన్స్‌ను పెళ్లాడి, ఆమెను వదిలి ఓడెక్కి వెళ్లిపోయాడు. 1910లో కొడుకు పుట్టాడు. 1912లో విడాకులయ్యాయి. తాత భార్యాబిడ్డల్ని వదిలేసిన కథ నాటకంలో ఉంది. మనవడు అదే పని చేసిన కథ లేదు. ఎడ్మండ్ పాత్రకు భార్య, బిడ్డ లేరు. తండ్రి, తల్లి, అన్న తమ తప్పులు ఒప్పుకునే ఈ నాటకంలో రచయిత తన పెద్ద తప్పును రంగస్థలం మీదికి రానివ్వలేదు.

ఐదోది అన్నిటికంటే ముఖ్యమైనది: ఆగడం. తండ్రి 1920లో, తల్లి 1922లో, జేమీ తాగుడు వల్ల 1923లో చనిపోయారు. మూడేళ్లలో ఇల్లంతా ఖాళీ అయింది. ఓనీల్ ఈ నాటకం రాసింది 1939-41 మధ్య, కాలిఫోర్నియాలోని టావో హౌస్‌లో. అప్పటికి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చి మూడేళ్లైంది. తండ్రి అప్పటి వయసుకు తానూ దగ్గరపడ్డారు. ఇరవై ఏళ్ల కోపం చల్లారాకే తండ్రి వైపు నుంచి కూడా ఆ గదిని చూడగలిగారు. రోజూ రాత గది నుంచి కళ్లు ఎర్రబడి, ఒక్కపూటలో ముసలివాడైనట్టు బయటికి వచ్చేవారని భార్య కార్లొటా తర్వాత చెప్పారు. 1941 జూలై 22న, పన్నెండో పెళ్లిరోజు కానుకగా ఆ ప్రతిని ఆమెకే అంకితమిచ్చారు.

ఉక్కు నగరంలో చదివితే..

నాటకంలోని రోజు 1912 ఆగస్టు. అదే ఏడాది ఫిబ్రవరిలో, అప్పటికింకా సాక్చీ అనే పిలిచే ఊళ్లో టాటా కార్ఖానా నుంచి తొలి ఉక్కు వచ్చింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య లేచిన ఈ పట్నానికి దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైలెక్కి టాటానగర్‌లో దిగిన తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. బిస్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు ఇప్పటికీ కనిపించే గుర్తు.

ఇలాంటి ఊళ్లో జేమ్స్ టైరోన్ పరాయివాడేమీ కాదు. మెషిన్ షాపులో చేతులు కాల్చుకున్న మొదటి తరం, ఆకలి తెలియకుండా పెరిగిన రెండో తరం మధ్య జరిగే గొడవే అతనిది. గది దాటితే లైటు ఆర్పమనే తండ్రి, స్థలం కొంటేనే భద్రత అని నమ్మే తండ్రి, ‘నీకేం తెలుసురా మా కష్టం’ అనే తండ్రి వలస కుటుంబాలన్నిట్లోనూ ఉంటాడు. కొడుకులకు ఆయన పొదుపు పిసినారితనంగా, ఆయనకు వాళ్ల ఖర్చు కృతఘ్నతగా కనిపిస్తుంది. ఇద్దరికీ మధ్య ఉన్నది రెండు రకాల బాల్యాలు.

మేరీ గోడు కూడా అంతే. ఆ ఇల్లు తనకెప్పుడూ ఇల్లనిపించలేదని, తనను చూడ్డానికి వచ్చే మనిషి లేదని ఆమె పదేపదే అంటుంది. ఉద్యోగం ఉన్నంతకాలమే ఉండే కంపెనీ క్వార్టర్లో, చుట్టూ వేరే భాషల మధ్య ఏళ్ల తరబడి కాపురం చేసిన ఆడవాళ్లకు ఆ మాటలో బరువు తెలుస్తుంది. భర్తకు కార్ఖానాలో షిఫ్టు ఉంటుంది, తోటివాళ్లుంటారు. ఆమెకు గోడలుంటాయి.

తమ ఇంటి కథ చాలా ప్రత్యేకం, బయటివాళ్లకు అర్థం కాదు అని ప్రతి కుటుంబం అనుకుంటుంది. ఎంత వివరంగా, ఎంత నిజాయితీగా రాస్తే అంత దూరపువాళ్లకు అది తమ కథ అనిపిస్తుందని ఈ నాటకం నిరూపించింది. న్యూ లండన్ ఇంట్లోని బల్బు లెక్క జంషెడ్‌పూర్ క్వార్టరులోనూ చెల్లుతుంది.

విషాదాంతం మనకు కొత్తేం కాదు

సంస్కృత నాటక సంప్రదాయం మంగళాంతాన్నే కోరింది. తెలుగులో ఆ కట్టు తెంచినవారిగా ధర్మవరం రామకృష్ణమాచార్యులును చెప్పుకుంటారు. బళ్లారిలో సరస వినోదిని సభను నడిపిన ఆయన 19వ శతాబ్దం చివర్లో రాసిన ‘విషాద సారంగధర’ విషాదాంత నాటకానికి తెలుగులో దారి వేసింది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే అదీ కుటుంబ కథే. సవతి తల్లి నింద, తండ్రి తొందరపాటు, నిర్దోషి అయిన కొడుకు. కాకపోతే అది రాజుల ఇల్లు. ఓనీల్ ఆ విషాదాన్ని రాచనగరు నుంచి మధ్యతరగతి ముందు గదిలోకి దించారు, అదీ తన సొంత గదిలోకి.

ఇంటి నుంచి నాటకం తీసినవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికన్ రచయిత టెనెసీ విలియమ్స్ 1944లో ‘ది గ్లాస్ మెనాజరీ’ రాసినప్పుడు తల్లిని, అక్క రోజ్‌ను, చెప్పుల కంపెనీలో తాను చేసిన ఉద్యోగాన్ని అందులో పెట్టారు. మానసిక వ్యాధితో బాధపడుతున్న రోజ్‌కు అంతకు ముందు ఏడాదే మెదడు శస్త్రచికిత్స జరిగింది, ఆమె మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఆ నాటకం ఆదాయంలో సగం హక్కును విలియమ్స్ తల్లి పేర రాశారు. అక్క సంరక్షణ బాధ్యతను వదల్లేదు.

మన దేశంలో మరాఠీ నాటక రచయిత మహేశ్ ఎల్కుంచ్‌వార్ రాసిన ‘వాడా చిరేబందీ’ని ఈ వరసలో చూడొచ్చు. విదర్భలోని పర్వా గ్రామంలో 1939లో పుట్టిన ఆయన చిన్నప్పుడే చదువు కోసం ఇల్లు విడిచారు. 1985లో విజయా మెహతా దర్శకత్వంలో వచ్చిన ఈ నాటకం విదర్భలోని దేశ్‌పాండే అనే భూస్వామి కుటుంబం కథ. పెద్దాయన పోయాక కర్మకాండ ఖర్చు, నగల వాటా, చదువుకోనివ్వని కూతురి కోపం, ఇంటి ముందు తుప్పు పట్టిన ట్రాక్టరు. అన్నదమ్ముల్లో ఎవరూ పూర్తిగా చెడ్డవాళ్లు కారు, ఇల్లు మాత్రం కూలుతుంది. ఓనీల్ లాగా ఇది ఆత్మకథ కాదు. తాను పుట్టి పెరిగిన లోకం కూలిపోతుంటే కొంత లోపలి నుంచి, కొంత దూరం నుంచి చూసిన మనిషి రాసిన నాటకం. సొంత ఇంటిని రాయడానికి ఆ దూరం కూడా అవసరమేనని రెండు నాటకాలూ చెబుతాయి.

సీలు ఎవరు విప్పారు?

1945లో ఓనీల్ ఈ ప్రతిని సీలు వేసి తన ప్రచురణకర్త ర్యాండమ్ హౌస్ వద్ద ఉంచారు. 1953 నవంబరు 27న బోస్టన్‌లోని ఒక హోటల్ గదిలో చనిపోయారు. పుట్టిందీ హోటల్ గదిలోనే. రచనల మీద అధికారం భార్య కార్లొటాకు దక్కింది. నాటకాన్ని ప్రచురించమని ఆమె అడిగితే, రచయితకు ఇచ్చిన మాట తప్పలేమని ర్యాండమ్ హౌస్ నిరాకరించింది. ఆమె ప్రతిని వెనక్కి తీసుకుని యేల్ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థకు ఇచ్చారు.

1956 ఫిబ్రవరి 10న స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్‌లో స్వీడిష్ భాషలో తొలి ప్రదర్శన జరిగింది. అదే నెలలో పుస్తకం వచ్చింది. నవంబరులో హోసే కింటెరో దర్శకత్వంలో బ్రాడ్‌వే మీదికి ఎక్కింది. 1957లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఓనీల్‌కు అది నాలుగోది, మరణానంతరం దక్కింది.

కార్లొటా చేసింది సరైనదేనా? చట్టప్రకారం ఆమెకు హక్కుంది. నైతికంగా వాదన ఇంకా తెగలేదు. తల్లి రహస్యాన్ని కాపాడాలనే ఓనీల్ పాతికేళ్లు అడిగారని ఒక వాదన. అప్పటికి ఆ కుటుంబంలో నాటకం గాయపరచగల మనిషి ఎవరూ మిగల్లేదని మరో వాదన. ఒకటి మాత్రం నిజం: ఇన్నేళ్ల తర్వాత ఎల్లా ఓనీల్‌ను లోకం మత్తుకు బానిసైన ఆడదిగా గుర్తుపెట్టుకుంది. ఆమె ఆ మత్తును గెలిచిందన్న సంగతి చాలా కొద్దిమందికే తెలుసు. నాటకం గొప్పదే, కానీ ఆ గెలుపును ఆమె నుంచి తీసుకుంది.

రాస్తే ఇల్లు బాగుపడుతుందా?

రాతలో క్షమించడం వేరు, ఇంట్లో క్షమించడం వేరు. తండ్రి నిర్లక్ష్యాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న ఓనీల్ స్వయంగా ఎలాంటి తండ్రి? నాటకంలో పేరు లేని ఆ పెద్ద కొడుకు యూజీన్ జూనియర్ యేల్‌లో గ్రీకు సాహిత్యం చదివి పండితుడయ్యాడు. తాగుడు అతన్నీ వదల్లేదు. 1950లో ఆత్మహత్య చేసుకున్నాడు. రెండో పెళ్లి వల్ల పుట్టిన షేన్ మాదకద్రవ్యాలకు బానిసై, 1977లో అలాగే ప్రాణం తీసుకున్నాడు. కూతురు ఊనా 1943లో, 18 ఏళ్ల వయసులో, 54 ఏళ్ల చార్లీ చాప్లిన్‌ను పెళ్లాడింది. తండ్రి ఆమెతో సంబంధం తెంచుకున్నారు. మళ్లీ ముఖం చూడలేదు. షేన్‌కు, ఊనాకు వీలునామాలో ఏమీ మిగల్చలేదు.

తాత వదిలేసిన బిడ్డ జేమ్స్. ఆ బిడ్డ భయం నీడలో పెరిగిన కొడుకు యూజీన్. ఆయన వదిలేసిన పిల్లలు ముగ్గురు. నాటకంలో కారణాల గొలుసును చివరి కొక్కెం దాకా చూపించిన మనిషి తన చేతిలోని కొక్కేన్ని విప్పలేకపోయారు. జేమీ మీద మాత్రం ఆయన మనసు కరిగింది. చేతుల వణుకు ముదిరి రాయలేని స్థితి వచ్చేలోపే, 1943లో అన్న చివరి రోజుల మీద ‘ఎ మూన్ ఫర్ ద మిస్‌బిగాటెన్’ పూర్తిచేసి, నిజ జీవితంలో ఆ అన్నకు దొరకని ఊరటను నాటకంలో ఇచ్చారు.

ఇంటి గుట్టు లంకకు చేటు అని మన సామెత. గుట్టు దాచడం వల్ల కూడా ఇళ్లు కూలతాయని ఓనీల్ కుటుంబ చరిత్ర చెబుతుంది. ఎల్లా జబ్బును సిగ్గుగా కాక జబ్బుగా చూసి ఉంటే, ఎడ్మండ్ మరణం గురించి ఆరేళ్ల జేమీతో ఎవరైనా కూర్చుని మాట్లాడి ఉంటే, తండ్రి తన భయాన్ని కొడుకులకు ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాటలేవీ ఇంట్లో జరగలేదు. జరగాల్సిన చోట జరగని ఆ సంభాషణే, అందరూ పోయిన పదహారేళ్లకు, ఒక కొడుకు ఒంటరిగా కూర్చుని రాసిన నాలుగు అంకాల నాటకమైంది.